రాగి తీగ తీసేసి గాజు తీగ పెట్టించాం: మా అమలాపురం ఇంటి ఫోన్ సంగతి

అమ్మ ఫోన్ చేసి "ఒరేయ్, ఫోన్ పోయిందిరా" అంది. ఎక్కడ పడేసుకున్నావే అని అడిగాను. పడేసుకోవడమేంటి, హాల్లో ఫోను, మూడు రోజులుగా చప్పుడే లేదు అంది. ఆ మాట చెప్పింది సెల్లులోంచే. మా అమలాపురం ఇంట్లో ఫోన్ అంటే ఇప్పటికీ హాల్లో చెక్క స్టూలు మీద, అల్లిక గుడ్డ కింద ఉండేదే. చేతిలో పట్టుకు తిరిగేది సెల్లు. రెండూ ఒకటి కావు వాళ్లకి.

ఇది 2024 జూలై సంగతి. ఆ ల్యాండ్‌లైన్ ఉంచాలా, తీసేసి ఇంటర్నెట్ మీద నడిచే ఫోన్ పెట్టించాలా అని అప్పటినుంచి మేం పడిన మల్లగుల్లాలు, పెట్టించాక ఏమైంది, మొన్న తుపానుకి ఏమైంది, అన్నీ రాస్తున్నాను. ఊళ్లో పెద్దవాళ్లుండి మీరు నాలా హైదరాబాద్‌లోనో ఇంకెక్కడో ఉంటే ఈ ప్రశ్న మీ ఇంటికీ వచ్చే ఉంటుంది, లేదా త్వరలో వస్తుంది.

ముందు ఆ ఫోన్ గురించి చెప్పాలి. 1991లో వచ్చింది, దరఖాస్తు పెట్టిన నాలుగేళ్లకి. నాన్నగారు లెక్కల మాస్టారు. మా వీధిలో మాది రెండో ఫోను, మొదటిది కొబ్బరి వ్యాపారం చేసేవాళ్లది. వాళ్లింటికి వెళ్లి అడగాలంటే జనానికి మొహమాటం, మాస్టారి ఇల్లయితే ఫర్వాలేదు అనుకునేవాళ్లు. కోనసీమలో గల్ఫ్ వెళ్లని ఇల్లు తక్కువ కదా, మస్కట్ నుంచో కువైట్ నుంచో భర్త ఫోన్ చేస్తాడని సాయంత్రం నుంచే పిల్లల్ని వేసుకుని మా అరుగు మీద కూర్చునేవాళ్లు. రాత్రి 11 దాటితే ఎస్టీడీకి, అంటే వేరే ఊళ్లకి చేసే కాల్స్‌కి, పావు చార్జీ. నాన్నగారు అప్పటిదాకా పేపర్లు దిద్దుకుంటూ మేలుకుని, హైదరాబాద్‌లో ఉండే పెదనాన్నగారికి చేసేవారు. ముందు ఏం మాట్లాడాలో కాగితం మీద రాసుకుని మరీ. నంబరుకి తర్వాత్తర్వాత అంకెలు కలుపుకుంటూ పోయారు, చివరికి అన్నిటి ముందూ ఒక 2 పెట్టారు, కానీ ఆఖరి మూడంకెలు మాత్రం మారలేదు. మా బంధువుల్లో పెద్దవాళ్లందరికీ ఆ నంబరు నోటికి వచ్చు. నా సెల్ నంబరు మా ఆవిడకే నోటికి రాదు.

సరే, 2024కి వస్తే. వీధిలో డ్రైనేజీ కోసం పొక్లెయిన్‌తో తవ్వుతుంటే భూమిలో కేబుల్ తెగింది. లైన్‌మన్ వచ్చి జాయింటు వేశారు. పదిహేను రోజులు బాగానే ఉంది. వానలు మొదలయ్యాక జాయింటులోకి నీళ్లు దిగి గరగర, ఆ తర్వాత మన మాటల మధ్యలో ఇంకెవరివో మాటలు, ఆ తర్వాత పూర్తిగా డెడ్. మళ్లీ వచ్చారు, కేబుల్లోనే వేరే రాగి తీగల జతకి మార్చారు. మళ్లీ పోయింది. నాలుగోసారి వచ్చినప్పుడు ఆయనే చెప్పేశారు: "మార్చడానికి ఇంక మంచి జతలు మిగల్లేదు మాస్టారండి. కొత్త కేబులు ఎవరూ వెయ్యరండి ఇప్పుడు. ఫైబర్‌కి ఎల్లిపోండి, నంబరు ఇదే ఉంటాది."

ఫైబర్ అంటే గాజు తీగ. ఆయన మంచివాడు. పాతికేళ్లుగా మా లైను చూస్తున్నాడు. అయినా నాన్నగారు వెంటనే ఒప్పుకోలేదు, ఎందుకంటే ఆయనకి ఇంటర్నెట్ ఫోన్ అంటే 2009 నుంచే పడదు.

ఆ కథ ఇది. డాలస్‌లో ఉండే మా అక్క ఆ ఏడాది వస్తూ వస్తూ సూట్‌కేసులో చిన్న పెట్టె తెచ్చింది. అప్పట్లో అమెరికా నుంచి వచ్చే చాలామంది అలాంటివి తెచ్చేవాళ్లు. దాన్ని బ్రాడ్‌బ్యాండ్ మోడెంకి తగిలించి, మామూలు ఫోన్ సెట్టు దానికి పెడితే, డాలస్ నంబరు అమలాపురంలో మోగుతుంది. అక్కకి అది పక్క వీధికి చేసినట్టే. అంతకు ముందు పదేళ్ల క్రితం అమెరికాకి నిమిషానికి అరవై రూపాయల దాకా పోసి మాట్లాడినవాళ్లం, 2002లో మన దేశంలో నెట్ మీద విదేశాలకి మాట్లాడటానికి అనుమతి వచ్చాక నెట్ సెంటర్లో వరసలో కూర్చుని మైకు చెవికి పెట్టుకుని అరిచినవాళ్లం, ఇంట్లో కూర్చుని ఊరికే మాట్లాడొచ్చంటే మాకు పండగే అనిపించింది.

పండగ వారం రోజులే. మా బ్రాడ్‌బ్యాండ్ ఆ రాగి తీగ మీదే వచ్చేది, వేగం 256 కేబీపీఎస్, అంటే సెకనుకి 256 కిలోబిట్లు. ఫోన్ మాటకి మంచి నాణ్యత కావాలంటే 64 కేబీపీఎస్, ఆ మాటని ముక్కలు ముక్కలుగా కట్టి పంపడానికి పైన చుట్టే చిరునామాలతో కలిపి ఎనభై తొంభై దాకా కావాలి, అదీ రెండు వైపులా. లెక్కకి సరిపోవాలి. కానీ అదే సమయంలో నేను పక్క గదిలో ఒక ఫోటో మెయిల్ చేశానా, అక్క ఒక మాట మింగి ఒక మాట పలికేది. పైగా మాట అక్కడికి వెళ్లి జవాబు వచ్చేలోపు అరక్షణం సందు, ఆ సందులో రెండోవాళ్లు మొదలుపెట్టేస్తారు, ఇద్దరూ ఒకేసారి ఆగిపోతారు, ఇద్దరూ ఒకేసారి మళ్లీ మొదలెడతారు. ఇది చాలదన్నట్టు ఆ డాలస్ నంబరు అంతకు ముందు ఎవరిదో, వాళ్ల కోసం అమెరికా వాళ్లు మనకి రాత్రి రెండింటికి ఫోన్ చేసేవాళ్లు. నాన్నగారు లేచి వెళ్లి, లెక్కల మాస్టారి ఇంగ్లీషులో వాళ్లకి ఓపిగ్గా చెప్పి వచ్చి పడుకునేవారు. మూడు నెలలకి ఆ పెట్టె బీరువా పైకి చేరింది. "ఇది ఫోన్ కాదురా, వాకీటాకీ" అని తీర్పు.

కాబట్టి 2024లో నేను ఫైబర్ ఫోన్ అనగానే ఆయనకి ఆ పెట్టె గుర్తొచ్చింది. అది వేరు ఇది వేరు అని చెప్పడానికి నాకు రెండు వారాలు పట్టింది. నిజం చెప్పాలంటే ముందు నాకే సరిగ్గా తెలీదు, ఆయన అడిగిన ప్రశ్నలకి జవాబు వెతుక్కుంటూ నేర్చుకున్నాను.

ఇంటర్నెట్ ఫోన్ అని మనం ఒకే పేరుతో అనేస్తాం గానీ దాని కింద మూడు వేరు వేరు వస్తువులున్నాయి. ఒకటి వాట్సాప్ లాంటిది. అది ఫోను కాదు, ఫోన్ లాంటిది. అవతల కూడా అదే ఆప్ ఉండాలి, దాంట్లోంచి 108కి చెయ్యలేం, 112కి చెయ్యలేం. రెండోది అక్క తెచ్చిన పెట్టె లాంటిది, ఎవరి ఇంటర్నెట్ మీదైనా ఎక్కి పోతుంది, ఆ దారిలో రద్దీ ఉంటే మన మాట కూడా అందరితోపాటు నిలబడాల్సిందే. మూడోది ఫైబర్ కంపెనీ తానే ఇచ్చే ఫోన్. ఇదీ మాటని ముక్కలుగా కట్టే పంపుతుంది, కానీ కంపెనీ సొంత దారిలో, ఇంటర్నెట్ డేటాకి పక్కన విడిగా వేసిన వరసలో. మనం సినిమా చూస్తున్నా, నెల డేటా అయిపోయి వేగం తగ్గినా ఆ వరసకి సంబంధం లేదు. నంబరు మామూలు ల్యాండ్‌లైన్ నంబరే, సెల్లుకి చెయ్యాలంటే ముందు సున్నా కొట్టాలి, 2021 జనవరిలో ఆ రూలు వచ్చినప్పటి నుంచి అన్ని ల్యాండ్‌లైన్లకీ ఉన్నట్టే. ఇది చెప్పాక నాన్నగారు కొంచెం మెత్తబడ్డారు.

కానీ అసలు ప్రశ్న ఇంకా ఉంది, అది ఆయన మొదటి రోజే అడిగారు. "కరెంటు పోతే?"

రాగి తీగ ఫోన్ గొప్పతనం అంతా అక్కడే ఉంది. దానికి కరెంటు మన ఇంట్లోంచి కాదు, ఎక్స్ఛేంజీ నుంచి అదే తీగ మీద వస్తుంది, 48 వోల్టులు. అక్కడ గది నిండా బ్యాటరీలు, బయట జనరేటరు. ఊరంతా చీకటైపోయినా ఫోన్ ఎత్తితే ఆ 'గూ' అనే శబ్దం వినపడేది. చిన్నప్పుడు నేను గోడ మీద డబ్బీ విప్పి తీగలు పట్టుకుని చూస్తుంటే సరిగ్గా అప్పుడే పెదనాన్నగారు ఫోన్ చేశారు. రింగు వచ్చేటప్పుడు వోల్టేజి ఇంకా చాలా ఎక్కువుంటుందని ఆ రోజు నాకు వేళ్లతో తెలిసింది. గాజు తీగలో వెళ్లేది వెలుగు. వెలుగు మీద ఫోన్ మోగదు. ఆ వెలుగుని మాటగా మార్చే పెట్టె ఒకటి ఇంట్లో పెడతారు, దానికి కరెంటు ఉండాలి, లేకపోతే ఇల్లంతా ఎంత ఖరీదైన ఫైబర్ ఉన్నా ఫోను చెక్క ముక్కే. కోనసీమలో గాలివాన వస్తే కరెంటు ముందే తీసేస్తారు. మనకి ఫోన్ కావాల్సిందేమో సరిగ్గా ఆ రాత్రే.

అక్క మాట వేరు. "ఇంకా ల్యాండ్‌లైన్ ఏంట్రా, ఇద్దరికీ మంచి సెల్లులు కొనిచ్చి వదిలెయ్యి" అంది. అంతకు ముందు నాకూ అదే అనిపించేది. కానీ అమ్మకి కుడి చెవి సరిగ్గా వినపడదు. సెల్లు చెవికి ఎక్కడ ఆనించాలో కుదరదు, చెంపతో ఏదో నొక్కుకుపోతుంది, ఫోన్ కట్టయిపోతుంది. చార్జింగు పెట్టడం మర్చిపోతారు. మంచం కింద మోగుతుంటే వంటింట్లో వెతుకుతారు. ల్యాండ్‌లైన్‌ని ఎవరూ వెతుక్కోరు. 2017లో ఒక రాత్రి నాన్నగారికి గుండెలో నొప్పి వచ్చినప్పుడు అమ్మ చీకట్లో, కళ్లజోడు కూడా లేకుండా, చేత్తో తడుముకుంటూ వెళ్లి 108 కొట్టింది. ఆ స్టూలు పాతికేళ్లుగా అక్కడే ఉంది కాబట్టి కొట్టగలిగింది. ఈ మాట గుర్తు చేశాక అక్క ఇంకేం అనలేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. 2022 మే 24న అమలాపురంలో గొడవలయ్యాయి, అందరికీ తెలిసిందే. ఆ తర్వాత చాలా రోజులు మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. ఇంటి నుంచి పని చేసుకునే సాఫ్ట్‌వేర్ పిల్లలు సిగ్నల్ కోసం ల్యాప్‌టాప్‌లు పట్టుకుని గోదావరి గట్లకి వెళ్లి కూర్చున్నారు. అక్క వాట్సాప్ కాల్ కొడితే తిరగడమే తప్ప మోగేది కాదు. అప్పుడు మాకు దిక్కైంది ఆ పాత ఫోనే, డాలస్ నుంచి మామూలు కాల్ కొట్టించుకుని మాట్లాడుకున్నాం. నాన్నగారు ఈ ఉదాహరణని నా మీద కనీసం పదిసార్లు వాడారు.

మధ్యలో ఒక ప్రైవేటు కంపెనీ కుర్రాడు కూడా వచ్చాడు. రేపే పెట్టేస్తానండి, ఇన్‌స్టలేషన్ ఫ్రీ, ఫోన్ ఫ్రీ, కాల్స్ ఫ్రీ. నాన్నగారు ఒక్కటే అడిగారు, పాత నంబరు ఇస్తావా అని. కుదరదండి, కొత్తది వస్తుంది అన్నాడు. సెల్లుకి కంపెనీ మారినా నంబరు ఉంచుకునే వీలు 2011 జనవరి నుంచి దేశమంతా ఉంది గానీ ల్యాండ్‌లైన్‌కి మన దగ్గర ఆ వీలు లేదు. కంపెనీ మారితే నంబరు పోయినట్టే. బ్యాంకు పుస్తకం మీద, ఎల్ఐసీ కాగితాల మీద, గ్యాస్ బుక్ మీద, అన్నిటికంటే మా బంధువుల బుర్రల్లో ఉన్నది ఆ నంబరే. ఆ కుర్రాడికి మజ్జిగ ఇచ్చి పంపేశారు. అతను ఇంట్లో ఫోన్ నంబరుని సెల్లులో ఆప్ పెట్టుకుని కూడా వాడుకోవచ్చని చూపించబోయాడు పాపం. ఆప్ అనే మాట వినగానే అమ్మ లోపలికి వెళ్లిపోయింది.

నాన్నగారు కరెంటు బిల్లు వెనకాల లెక్క వేశారు. పాత లైనుకి పన్నుతో కలిపి నెలకి రెండొందల చిల్లర. ఫైబర్ చిన్న ప్లాను 399, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 470 రూపాయల 82 పైసలు. పైసలతో సహా వేశారు. "అంటే ఫోన్ కోసం నెట్ కొంటున్నాం" అన్నారు. అవునన్నాను. దేశంలో ఎక్కడికైనా మాటలు ఉచితం అన్నాను. ఎవరికి చెయ్యాలి అన్నారు. బిల్లు నేను కడతానన్నాక ఆ కాగితం మడిచి పంచాంగంలో పెట్టేశారు. ఆయన ఒప్పుకున్నారనడానికి అదే గుర్తు.

ఆగస్టులో నేను సెలవు పెట్టి వెళ్లాను. ఫైబర్ పెట్టడానికి ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. స్తంభం నుంచి సన్న నల్లటి తీగ లాగారు, సూట్‌కేసంత మిషన్ తెరిచి రెండు గాజు తీగల కొసలు, వెంట్రుక కంటే పెద్ద లావు లేవు, ఎదురెదురుగా పెట్టి అతికించారు. నాన్నగారు కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని అంతా చూశారు, అతుక్కున్నప్పుడు మిషన్ తెర మీద ఎంత నష్టం ఉందో అంకె వస్తే దాని అర్థం ఏంటని అడిగారు. తీగని మరీ మడతపెట్టకండి, వెలుగు బయటికి పోతుంది అని వాళ్లు చెప్పింది ఆయనకి బాగా నచ్చింది. అరగంటలో ఇంటర్నెట్ వచ్చేసింది. ఫోన్ రాలేదు.

ఇక్కడే నాకు నిజంగా టెన్షన్ వచ్చింది. పాత లైన్ నుంచి నంబరు తీసేశారు, కొత్త దాంట్లో ఇంకా పెట్టలేదు. టెలిఫోన్ ఆఫీసుకి ఫోన్ చేస్తే ఫైబర్ వాళ్లని అడగండి అంటారు, ఫైబర్ వాళ్లని అడిగితే అది ఆఫీసు వాళ్లు చెయ్యాలి అంటారు. అలా నాలుగు రోజులు. ఎవరు చేసినా ఆ నంబరు ఉనికిలో లేదని చెప్తోంది. రెండో రోజుకి ముమ్మిడివరం నుంచి మా మేనత్త కారు కట్టించుకుని వచ్చేసింది, మాస్టారికి ఏమైందో అని. మీరు ఇలా మారుస్తుంటే నా మాట విని ముందే బంధువులకి ఒక మాట చెప్పండి.

ఆ నాలుగు రోజుల్లోనే ఇంకోటి జరిగింది. నాన్నగారి సెల్లుకి ఒక రికార్డు కాల్, మీ టెలిఫోన్ కనెక్షన్ రెండు గంటల్లో ఆగిపోతుంది, వివరాలకి 9 నొక్కండి అని. టెలికాం శాఖ పేరు చెప్పి మోసం చేసే కాల్ అది, అప్పట్లో ఊరూరా వచ్చాయి. మామూలు రోజుల్లో అయితే ఆయన నవ్వి పెట్టేసేవారు. కానీ అప్పుడు నిజంగానే ఫోన్ ఆగిపోయి ఉంది, ఆఫీసు నుంచి కబురు కోసమే ఎదురుచూస్తున్నారు. వేలు 9 మీదకి వెళ్లింది. అమ్మ "మనిషి మాట్లాడితే మాట్లాడండి, రికార్డుతో మనకేంటి" అని లాక్కుని కట్ చేసింది.

ఐదో రోజు పొద్దున్న ఫోన్ ఎత్తితే శబ్దం వచ్చింది. ఆ 'గూ' కూడా ఇప్పుడు ఎక్స్ఛేంజీ నుంచి రావడం లేదు, మన అలవాటు కోసం పెట్టె తానే చేసి వినిపిస్తోంది. నంబరు కొడితే వెళ్లలేదు. అరగంట బుర్ర బద్దలు కొట్టుకున్నాక తెలిసింది, సెట్టు అడుగున పీ, టీ అని చిన్న స్విచ్చు ఉంటుంది, పీ అంటే నంబరుని టకటకలుగా పంపే పాత పద్ధతి, టీ అంటే స్వరాలుగా పంపే కొత్త పద్ధతి, పాత కాలం నుంచి అది పీ మీద ఉండిపోయింది. టీ మీదకి జరపగానే వెళ్లింది. మీకూ ఇదే సమస్య వస్తే పెట్టెని తిట్టేముందు సెట్టు తిరగేసి చూడండి.

పడగ్గదిలో ఇంకో ఫోన్ ఉంది, 1991లో ఇచ్చిన వేలితో తిప్పే డయల్ ఫోను. అదీ మోగాలి. గోడ మీద డబ్బీ విప్పి, బయట స్తంభం నుంచి వచ్చే రాగి జతని విడదీసి, కొసలకి టేపు చుట్టి, పెట్టె నుంచి వచ్చే తీగని ఆ డబ్బీకి కలిపాను. అంటే ఇంట్లో పాత వైరింగు మొత్తం ఇప్పుడు పెట్టె మీద నడుస్తోంది. బయటి జతని విడదీయకుండా మాత్రం ఎప్పుడూ ఇలా కలపకండి, ఆ తీగలో ఇంకా వోల్టేజి ఉంటే పెట్టె పాడవుతుంది. కలిపాక రెండు ఫోన్లూ ఒకేసారి మోగాయి. డయల్ ఫోన్లో మాట్లాడొచ్చు. కానీ దాంతో నంబరు తిప్పితే వెళ్లదు, ఆ టకటకలు కొత్త పెట్టెకి అర్థం కావు.

మాట నాణ్యత సంగతి. నేను భయపడినంత లేదు సరే, పాతదానికంటే బాగుంది. గరగర పోయింది. ఎంతగా పోయిందంటే అమ్మకి అనుమానం. ముప్పై ఏళ్లుగా వెనకాల సన్నగా 'సుయ్' అనే శబ్దం ఉంటేనే అవతల మనిషి ఉన్నట్టు లెక్క, ఇప్పుడు మాట్లాడనప్పుడు పూర్తి నిశ్శబ్దం. ప్రతి రెండు వాక్యాలకీ "ఉన్నావురా?" అని అడుగుతుంది. ఉన్నానమ్మా అంటాను. ఇప్పటికీ అంతే.

కరెంటు కోసం రౌటర్‌కి పెట్టే చిన్న యూపీఎస్ కొన్నాను, 1400 రూపాయలు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది గానీ హాల్లో ఆ మూల ప్లగ్గు దాని లైన్ మీద లేదు. యూపీఎస్ నాలుగు గంటలు ఆగింది, నేనే మెయిన్ తీసేసి గడియారం పెట్టుకుని చూశాను. నాన్నగారు కూడా చూశారు. ఇక మార్కులు వేసినట్టే అనుకుని హైదరాబాద్ వచ్చేశాను.

ఏడాది పైన ఏ గొడవా లేదు. ఒక్క మార్పు నేను ఊహించనిది, నెట్ వచ్చాక అక్క వీడియో కాల్స్ టీవీలోనే మొదలయ్యాయి, అమ్మ వంటల వీడియోలు, నాన్నగారు చాగంటి వారి ప్రవచనాలు. ఏ ఫోన్ ఉంచడం కోసం ఇంత చేశామో అది మోగడం తగ్గిపోయింది.

తర్వాత 2025 అక్టోబర్ 28 వచ్చింది. మొంథా తుపాను ఆ రాత్రి మా కోనసీమ పక్కనే నర్సాపురం దగ్గర తీరం దాటింది. సాయంత్రమే కరెంటు పోయింది. ఏడింటికి ఇంటి నంబరుకి చేస్తే మోగింది, అమ్మ మాట్లాడింది, యూపీఎస్ బాగానే పనిచేస్తోందని నాకు కొంచెం గర్వం కూడా. తొమ్మిదిన్నరకి చేస్తే మోగలేదు. సెల్లుకి చేస్తే నాన్నగారు ఎత్తి, "పెట్టెలో లైట్లు వెలుగుతున్నాయిరా, ఒకటి ఎర్రగా ఉంది" అన్నారు. అప్పుడు వెలిగింది నా బుర్రలో లైటు. మన ఇంట్లో యూపీఎస్ ఉంటే సరిపోదు. ఆ గాజు తీగ రెండో కొస ఎక్కడుందో, అక్కడి మిషన్‌కీ కరెంటు ఉండాలి. రాగి తీగ రెండో కొస ఎక్స్ఛేంజీలో జనరేటర్ పక్కన ఉండేది. దీని రెండో కొస ఊళ్లో ఫైబర్ నడిపే ఆపరేటర్ గదిలో, అక్కడ బ్యాటరీ ఎంతసేపు ఆగుతుందని నేను ఒక్కసారి కూడా అడగలేదు. లేదా తీగ తెగిందో. రెండింటికీ అదే ఎర్ర లైటు.

పన్నెండింటికి సెల్ సిగ్నల్ కూడా పోయింది. అక్కడినుంచి మర్నాడు మధ్యాహ్నం దాకా ఏమీ లేదు. ఆ రాత్రి గురించి ఎక్కువ రాయను. మియాపూర్‌లో మా బాల్కనీలో కూర్చుని వార్తల్లో ఆ సుడి బొమ్మ చూస్తూ, రాగి తీగ తీయించింది నేనే కదా అనుకుంటూ గడిపాను. మర్నాడు పక్కింటి వాళ్ల సెల్లులోంచి, వాళ్లది వేరే నెట్‌వర్కు, నాన్నగారు చేశారు. పెరట్లో రెండు కొబ్బరిచెట్లు పోయాయి, ఒకటి స్తంభానికీ ఇంటికీ మధ్య తీగ మీదే పడింది. ఇల్లు క్షేమం.

ఫైబర్ బాగవడానికి నాలుగు రోజులు పట్టింది. అతికించే మిషన్లు తక్కువ, తెగిన తీగలు ఊరంతా. పాత లైన్‌మన్ గారు రిటైరైపోయారు, పలకరించడానికి వచ్చి తెగిన కొస చూసి "రాగయితే మెలేసి టేపు సుట్టేసి పోయేవోణ్ణండి. ఇది గాజు కదండి" అన్నారట. నేను ఫోన్‌లో నాన్నగారితో తప్పు చేశామేమో అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. 1996 నవంబర్ 6 తుపాను రాత్రి గుర్తులేదా, అప్పుడు ఉన్నది రాగి తీగే కదా, ఏం మాట్లాడింది, మీ పెదనాన్న మనం ఉన్నామో పోయామో తెలీక మూడో రోజు రావులపాలెం నుంచి దొరికింది పట్టుకుని, లేనిచోట నడుచుకుంటూ వచ్చాడు అన్నారు. చెట్టు పడితే ఏ తీగైనా ఒకటే. ఏడాది పాటు ఫైబర్‌ని అనుమానించిన మనిషి దాన్ని వెనకేసుకొస్తుంటే నాకు నవ్వాగలేదు.

నా మటుకు నేను ఇప్పటికీ అనుకుంటాను, ఫోన్‌గా చూస్తే రాగిదే గట్టిది. కానీ ఆ గట్టితనం దాన్ని చూసుకునే మనుషులున్నంత కాలమే, నీళ్లు దిగిన జాయింటుకి ఎక్స్ఛేంజీలో ఎన్ని బ్యాటరీలుంటే ఏం లాభం. ఇప్పుడు ఆపరేటర్‌ని అడిగాను, వాళ్ల గదిలో బ్యాటరీ మూడు నాలుగు గంటలే, తుపాను హెచ్చరిక ఉంటే జనరేటర్ తెప్పిస్తామన్నాడు, చూడాలి. ఆ మూల ప్లగ్గుని ఇన్వర్టర్ లైన్ మీదకి మార్చాలి, ఎలక్ట్రీషియన్ సంక్రాంతి తర్వాత వస్తానన్నాడు. పక్కింటి వాళ్ల నెట్‌వర్కుదే సిమ్ వేసి ఒక బటన్ల ఫోన్ కొనిచ్చాను, చార్జింగ్ వారం ఆగుతుంది, అది ఆ స్టూలు మీదే ఉండాలి, అక్కణ్ణుంచి కదపకూడదు అని అమ్మకి రూలు. దానికి కూడా చిన్న అల్లిక గుడ్డ కప్పింది.

పడగ్గదిలో డయల్ ఫోన్ మాత్రం అలాగే ఉంది. మోగుతుంది, ఎత్తి మాట్లాడొచ్చు, దాంతో చెయ్యడానికే రాదు. దానికో చిన్న మార్పిడి పెట్టె దొరుకుతుందట, తెప్పించనా అని అడిగాను. నాన్నగారు వద్దన్నారు. పెదనాన్నగారు పోయినప్పటి నుంచి ఆయనగా ఎవరికీ ఫోన్ చెయ్యరు, మేమే చెయ్యాలి.